హజార్డ్ స్విచ్ మొరాయిస్తే... తాత్కాలిక చిట్కాల్లో పనికొచ్చేవెన్ని, కొంప ముంచేవెన్ని?

2024 ఏప్రిల్ 25 తెల్లవారుజామున కోదాడ దగ్గర హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీద ఆగి ఉన్న లారీని వెనుక నుంచి వచ్చిన కారు ఢీకొంది. ఆరుగురు చనిపోయారు. హైవే మీద ఇలాంటి వార్త మనకు కొత్త కాదు. కేంద్ర రవాణా శాఖ 2022కు ఇచ్చిన లెక్కల ప్రకారం దేశంలో ఆ ఏడాది 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది ప్రాణాలు పోయాయి. ఢీకొన్న తీరును బట్టి చూస్తే వెనుక నుంచి గుద్దినవే అన్నిటికన్నా ఎక్కువ. మొత్తం ప్రమాదాల్లో ఐదో వంతు పైచిలుకు అవే.

బండి నడిరోడ్డు మీద ఆగిపోతే డ్రైవరు చెయ్యి మొదట వెళ్లేది డ్యాష్‌బోర్డు మధ్యలో ఎర్ర త్రికోణం ఉన్న బొత్తాం మీదికే. అది నొక్కితే నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకుంటాయి. ఏడాదిలో ఎన్నిసార్లు నొక్కుతామో చెప్పలేం కాబట్టి అది చెడిపోయిన సంగతి కూడా తెలియదు. తీరా అవసరం పడ్డ రాత్రి నొక్కితే చప్పుడుండదు, వెలుగుండదు. అప్పుడు వినిపించే సలహాలకు మాత్రం లోటుండదు. పదిసార్లు గట్టిగా నొక్కమనేది ఒకరు, డబ్ల్యూడీ-40 కొట్టమనేది ఇంకొకరు, కార్డుముక్క ఇరికించమనేది మరొకరు, స్విచ్ వెనుక వైర్లను గుచ్చే కప్లర్ పీకి రెండు వైర్లు కలిపేయమనేది వేరొకరు. ఇవన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసినవే. అయితే ఒక బండిలో గట్టెక్కించిన చిట్కాయే ఇంకో బండిలో వేల రూపాయల కంప్యూటర్ పెట్టెను కాల్చేస్తుంది. ఏది ఎక్కడ పనికొస్తుందో తేలాలంటే ముందు ఆ బొత్తాం వెనుక ఏముందో చూడాలి.

ఒకటే గుర్తు, మూడు రకాల స్విచ్చులు

పైకి అన్ని హజార్డ్ స్విచ్చులూ ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం మూడు తెగలు.

మొదటిది పాత తరం స్విచ్. ఇందులో బల్బులకు వెళ్లే కరెంటంతా స్విచ్ గుండానే పోతుంది. సాధారణ కారులో ఒక్కో ఇండికేటర్ బల్బు 21 వాట్లు, నాలుగింటికి 84. పక్కన ఫెండర్ మీదుండే రెండు చిన్న బల్బులు ఒక్కోటి 5 వాట్ల చొప్పున కలిపితే 94 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది దాదాపు 8 ఆంపియర్లు. అంత కరెంటును చిటికెన వేలి గోరంత రాగి రేకులు మోయాలి. ఈ స్విచ్ మీద జర్మన్ డిన్ పద్ధతి అంకెలు ఉంటే పని సులువు. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చే లైను, 15 అంటే తాళం తిప్పితే వచ్చే లైను. 49 లైట్లను కొట్టుకునేలా చేసే ఫ్లాషర్‌కు వెళ్లే లైను, 49-ఏ ఫ్లాషర్ నుంచి కొట్టుకుంటూ తిరిగి వచ్చే లైను. ఎల్, ఆర్ అనేవి ఎడమ, కుడి బల్బులు. బొత్తాం పైకి ఉన్నప్పుడు స్విచ్ 15ను 49కి కలుపుతుంది. నొక్కినప్పుడు 15ను వదిలి 30ని 49కి కలిపి, 49-ఏను రెండు వైపులకూ పంచుతుంది. తాళం తీసినా హజార్డ్ పనిచేయడానికి కారణం ఇదే.

ఈ వైరింగులో మెలిక ఒకటుంది, చాలామంది మోసపోయేది అక్కడే. హజార్డ్ వేయకపోయినా మామూలు ఇండికేటర్లకు కరెంటు హజార్డ్ స్విచ్ గుండానే వెళుతుంది. కాబట్టి ఎడమ, కుడి ఇండికేటర్లు రెండూ చచ్చి, హజార్డ్ మాత్రం చక్కగా పనిచేస్తుంటే తప్పు సాధారణంగా స్టీరింగ్ పక్కనుండే ఇండికేటర్ కాడది కాదు, ఫ్లాషర్‌దీ కాదు. ఫ్యూజ్ బాగుంటే, హజార్డ్ స్విచ్‌లో 15ను 49కి కలిపే రేకులకు కార్బన్ పట్టి ఉండొచ్చు. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్లు నడిపేవాళ్లకు ఈ జబ్బు బాగా తెలుసు.

రెండో తెగలో ఫ్లాషర్ రిలేను కూడా హజార్డ్ స్విచ్‌లోనే ఇమిడ్చేశారు. ఫోక్స్‌వాగన్ నాలుగో తరం గోల్ఫ్, జెట్టాలు ఇలాంటివే. 2001లో స్కోడా మన దేశంలో అడుగుపెట్టినప్పుడు తెచ్చిన తొలితరం ఆక్టేవియా ఆ గోల్ఫ్ పునాది మీదే కట్టిన కారు. అమెరికాలో జనరల్ మోటార్స్ 1990ల చివర్లో అమ్మిన షెవర్లే మాలిబు, పాంటియాక్ గ్రాండ్ యామ్, ఓల్డ్స్‌మొబిల్ అలేరోలదీ ఇదే తీరు. ఆ కార్లలో ఇండికేటర్ పడకపోతే డ్యాష్‌బోర్డు మీద హజార్డ్ బొత్తాన్ని అరచేత్తో ఒక్కటి చరచడం అక్కడి యజమానులకు అలవాటైపోయింది. 

మూడోది ఇప్పటి తరం. ఇక్కడ బొత్తాం బల్బుల కరెంటును మోయదు. బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే కంప్యూటర్ పెట్టెకు ‘నొక్కారు’ అని ఒక చిన్న సంకేతం పంపుతుంది, అంతే. ఆ సంకేతం కొన్ని మిల్లీ ఆంపియర్లే. బల్బులను వెలిగించి ఆర్పే పని ఆ పెట్టెది. టిక్ టిక్ శబ్దం కూడా చాలా కార్లలో రిలేది కాదు, స్పీకర్‌లోంచి వచ్చేదే.

ఏ తెగో గుర్తుపట్టడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. బొత్తాం నొక్కితే లోపలే ఉండిపోయి, మళ్లీ నొక్కితే పైకి వస్తే చాలావరకు మొదటి లేదా రెండో తెగ. ఇండికేటర్ వేసి బొత్తాం మీద వేలు ఆనిస్తే లోపల కొట్టుకుంటున్నట్టు తెలిస్తే రెండోదే. నొక్కి వదలగానే బొత్తాం వెంటనే పైకి వచ్చేస్తే మూడోది అనుకోవచ్చు. ఈ ఒక్క పరీక్ష చేయకుండా వైరు ముట్టుకోకూడదు.

జబ్బు ఎక్కడ?

హజార్డ్ పడకపోతే నేరం స్విచ్ మీదికే నెడతారు. సగంసార్లు దాని పాపం ఉండదు. నాలుగు లక్షణాలు గమనిస్తే చాలా దూరం తేలిపోతుంది.

ఇండికేటర్లు పనిచేస్తూ హజార్డ్ మాత్రం పడకపోతే మొదట ఫ్యూజ్ చూడాలి. హజార్డ్‌కు బ్యాటరీ నుంచి వచ్చే లైనుకు చాలా బండ్లలో వేరే ఫ్యూజ్ ఉంటుంది. అది పోయినా ఇండికేటర్లు మామూలుగానే పడతాయి. పైన చెప్పినట్టు ఇండికేటర్లు చచ్చి హజార్డ్ బతికుంటే స్విచ్ రేకులను అనుమానించాలి. రెండూ చస్తే ఫ్లాషర్, ఎర్త్, కప్లర్ వరసగా చూసుకోవాలి. నాలుగు బల్బులూ కొట్టుకుంటూ బొత్తాంలోని ఎర్రలైటు ఒక్కటే వెలగకపోతే కంగారు పడాల్సిన పనే లేదు, పోయింది ఆ చిన్న బల్బే.

ఆరని హజార్డ్ సంగతి వేరు. ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేంత దెబ్బ తగిలినప్పుడు చాలా కొత్త కార్లు హజార్డ్‌ను వాటంతట అవే వేస్తాయి. దొంగతనం అలారం మోగినప్పుడూ అంతే. కొన్ని కార్లు ఉన్నపళంగా గట్టి బ్రేకు పడినా వేస్తాయి. స్విచ్ ఊడదీసే ముందు తాళం ఒకసారి తీసి పెట్టి, రిమోట్‌తో లాక్ చేసి తెరిచి చూడటం మంచిది.

అసలు స్విచ్ ఎందుకు చెడుతుంది? కారణాల్లో సగం మనం చేజేతులా తెచ్చుకున్నవే. సెంటర్ కన్సోల్ మీద అంటించిన సెంటు సీసా ఎండకు కారి బొత్తాం సందులోకి దిగుతుంది. ఆ ద్రవం ప్లాస్టిక్‌ను మెత్తబరిచి జిగురు చేస్తుంది. కప్పు హోల్డర్‌లోంచి తొణికిన టీ, కూల్‌డ్రింకు చక్కెర పాకంలా గట్టిపడి బొత్తాన్ని బిగదీస్తాయి. పెద్ద స్క్రీన్ స్టీరియో బిగించేటప్పుడు డ్యాష్‌బోర్డు పలకతో పాటు హజార్డ్ కప్లర్ పీకి, తిరిగి సగమే గుచ్చి వదిలేసే షాపులు ఉన్నాయి. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలి రాగి రేకులకు పచ్చని చిలుం పట్టిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినప్పుడు కార్లు, బైకులు రోజుల తరబడి బురదనీళ్లలో నానాయి. అలా నానిన వైరింగు ఎండాక పనిచేసినట్టే కనిపించి, నెలల తర్వాత ఒక్కో కప్లర్ దగ్గర మొండికేస్తుంది.

నొక్కడం, తుడవడం, ఇరికించడం

వైరు జోలికి పోకుండా చేసే చిట్కాలు ఇవి. మొదటి రెండు తెగల్లో వీటికి విలువ ఉంది.

అన్నిటికన్నా సులువైనది బొత్తాన్ని ఇరవై, ముప్పైసార్లు గబగబా నొక్కి తీయడం. ఇది మూఢనమ్మకం కాదు. ప్రతి నొక్కుకూ లోపలి రేకు ఎదుటి రేకు మీద రాసుకుంటూ జారుతుంది, పైన పట్టిన కార్బన్ పొర గీసుకుపోతుంది. చచ్చిపోయిన ఇండికేటర్లు ఈ ఒక్క పనితో లేచి కూర్చున్న సందర్భాలు కోకొల్లలు. అయితే గీసుకుపోయిన చోట మళ్లీ కార్బన్ పడుతుంది. కొన్ని రోజులు నడవచ్చు, ఒక వాన దాకా నడవచ్చు, అంతకుమించి నమ్మలేం. స్విచ్‌లోనే ఫ్లాషర్ ఉన్న కార్లలో చరిస్తే పనిచేయడానికి కారణం రిలే రేకులు అతుక్కుపోవడమో, లోపల టంకం పగలడమో. అతుక్కున్నవి అదురుకు విడిపోతాయి, పగిలినవి కలుస్తాయి. చరిచే బలం నానాటికీ పెరుగుతోందంటే స్విచ్‌కు రోజులు దగ్గరపడ్డట్టే.

తర్వాతది తుడవడం. ఇక్కడ డబ్బా ఎంపికలోనే తేడా వస్తుంది. ప్రతి షెడ్డులో దొరికే మామూలు డబ్ల్యూడీ-40 తేమను తరమడానికి చేసిన సరుకు. ఎగిరిపోయాక సన్నని నూనె పొర మిగుల్చుతుంది, దానికి దుమ్ము పడుతుంది. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ అని వేరుగా దొరికేది మురికిని కరిగించి పూర్తిగా ఆవిరవుతుంది. కొట్టాల్సింది ఇదే. ముందు తాళం తీసేయాలి, ఫ్యూజ్ పీకాలి, కొట్టాక పదిహేను నిమిషాలన్నా ఆరనివ్వాలి. పెట్రోలు, థిన్నర్ వాడితే ప్లాస్టిక్ కరగడమే కాదు, కరెంటు ఉన్నచోట మంట కూడా అంటుకోవచ్చు. ఉప్పుకాగితంతో రుద్దడం మరో అలవాటు. రేకు మీది పల్చటి పూత ఊడిపోతే అది మునుపటికన్నా త్వరగా నల్లబడుతుంది.

మూడోది ఇరికించడం. దీని మర్మం తెలియాలంటే విప్పిన స్విచ్‌ను ఒకసారి దగ్గరగా చూడాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ ఎలక్ట్రీషియన్ బల్ల మీదైనా ఇది కనిపిస్తుంది. బొత్తాం తీయగానే కింద ఒక స్ప్రింగు, పక్కగోడలో హృదయం ఆకారంలో చెక్కిన చిన్న గాడి, అందులో తిరిగే గుండుసూది అంత సన్నని తీగ. ఒకసారి నొక్కితే తీగ కొస వెళ్లి ఆ గాడి నొక్కులో చిక్కుకుంటుంది, బొత్తాం లోపలే ఆగుతుంది. రెండోసారి నొక్కితే తీగ నొక్కులోంచి జారి చుట్టూ తిరిగి పైకి వస్తుంది, బొత్తాం లేస్తుంది. గాడి అంచు అరిగినా, తీగ వంగినా బొత్తాం లోపల నిలవదు. నొక్కినంతసేపే లైట్లు పడి, వదలగానే ఆరిపోతాయి. రేకులు బాగున్నాయి, నిలిపే కొక్కెం పోయిందన్నమాట. ఇలాంటప్పుడు బొత్తాన్ని నొక్కిపెట్టి, పక్క సందులో నాలుగు మడతలు వేసిన విజిటింగ్ కార్డు దూర్చితే హజార్డ్ నిలబడుతుంది. బ్రేక్‌డౌన్ వ్యాన్ వచ్చేదాకా గడపడానికి ఇంతకన్నా నిరపాయమైన ఉపాయం లేదు.

నొక్కి వదలగానే పైకి వచ్చే మూడో తెగ బొత్తానికి మాత్రం కార్డు దూర్చి లాభం లేదు. పెట్టెకు ఒకే నొక్కు అందుతుంది. లైట్లు పడతాయేమో గానీ, ఆర్పాలంటే మళ్లీ కార్డు తీయాల్సిందే. అదేపనిగా నొక్కి ఉంచితే స్విచ్ చెడిందని పెట్టె దాన్ని పట్టించుకోకుండా వదిలేయనూవచ్చు. ఈ తెగలో ఇంటి దగ్గర చేయదగ్గవి మూడే. ఫ్యూజ్ చూడాలి, కప్లర్ తీసి గట్టిగా గుచ్చాలి, బ్యాటరీ నెగెటివ్ కొన్ని నిమిషాలు తీసి పెట్టాలి. పెట్టె తికమక పడి ఉంటే ఆ చివరి పనితో తేరుకుంటుంది. తీసేముందు స్టీరియో కోడ్ అడుగుతుందేమో చూసుకోవాలి.

ఆరకపోతే...

లైట్లు పడకపోవడం రాత్రి సమస్యయితే, ఆరకపోవడం తెల్లారి సమస్య. నాలుగు బల్బులూ సగం సేపు వెలిగి సగం సేపు ఆరుతాయి కాబట్టి సగటున 4 ఆంపియర్లు లాగుతాయి. చిన్న పెట్రోలు కారులో ఉండే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ లెక్క ప్రకారం తొమ్మిది గంటలు రావాలి. నిజానికి నాలుగైదు గంటలకే స్టార్టర్ తిప్పే సత్తువ పోతుంది. పాత బ్యాటరీకి అంత సేపు కూడా పట్టదు.

ఇక్కడ మందు ఫ్యూజ్ లేదా ఫ్లాషర్ రిలే పీకడం. ఫ్యూజ్ పెట్టె మూత వెనుక బొమ్మలో హజార్డ్ గుర్తున్న ఫ్యూజ్ చూసి తీస్తే చప్పుడు ఆగుతుంది. రిలే పీకినా, రెండింటికీ ఒకే ఫ్యూజ్ ఉన్న బండ్లలో ఫ్యూజ్ పీకినా ఇండికేటర్లూ పోతాయి. కొన్నిటిలో అదే ఫ్యూజ్ మీద హారన్ లాంటివీ ఉంటాయి, కాబట్టి తీశాక ఏవేం పోయాయో ఒక్కొక్కటీ నొక్కి చూసుకోవాలి. అప్పుడు షెడ్డు దాకా పగటిపూట, చేత్తో సైగలు చేస్తూ వెళ్లాలి. లైసెన్సు పరీక్షకు నేర్చుకుని ఆ మర్నాడే మరిచిపోయే ఆ సైగలకు అసలు అవసరం ఇలాంటప్పుడే. రాత్రయితే బండి కదపకపోవడమే మేలు.

వైర్లు కలిపేవాళ్లు, కాల్చుకునేవాళ్లు

ఇక అసలు గొడవంతా ఉన్నది బైపాస్‌లో. పాత తరం స్విచ్ ఉన్న బండిలో కప్లర్ పీకి 15, 49 పిన్నుల మధ్య ఒక తీగముక్క వేస్తే ఇండికేటర్లు బతుకుతాయి. ఆ లైనుకు ముందే ఫ్యూజ్ ఉంటుంది కాబట్టి పెద్ద ప్రమాదం లేదు. హజార్డ్ మాత్రం పోయినట్టే లెక్క. తెలిసినవాడు చేస్తే స్విచ్ దొరికేదాకా నాలుగు రోజులు నడపదగ్గ ఏర్పాటు ఇది.

హజార్డ్‌నే బతికించాలని 30ని 49కి, 49-ఏను ఎల్‌కూ ఆర్‌కూ తీగలతో కలిపేస్తే నాలుగు లైట్లూ పడతాయి. బండి ఆగి ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. కదిలాక అసలు చిక్కు. ఎడమ, కుడి లైన్లు ఒకటైపోయాయి కాబట్టి ఎటు ఇండికేటర్ వేసినా నాలుగూ కొట్టుకుంటాయి. వెనుకవాడికి బండి ఎటు తిరుగుతుందో తెలియదు. ‘లైట్లు పడుతున్నాయి కదా’ అని ఆ తీగల్ని అలాగే వదిలేసిన బండ్లు పాత లారీల్లో, ఆటోల్లో, బైకుల్లో కనిపిస్తూనే ఉంటాయి.

పద్ధతిగా చేయాలంటే రెండు దారులు విడివిడిగా ఉండే స్విచ్ వేయాలి. ఎలక్ట్రీషియన్లు టూ-పోల్ అంటారు. ఆన్ చేసినప్పుడు ఎడమ, కుడి రెండింటికీ కరెంటు అందుతుంది. ఆఫ్ చేస్తే రెండూ మళ్లీ వేరవుతాయి. దీనికి బ్యాటరీ దగ్గరే సొంత ఫ్యూజ్, సొంత ఫ్లాషర్ ఉండాలి. లారీలూ బస్సులూ 24 వోల్టులవి, కారు ఫ్లాషర్ వాటికి పనికిరాదు. బల్బులు తీసి ఎల్‌ఈడీలు వేసిన బండిలో పాత ఫ్లాషర్ పెడితే లోడు చాలక గబగబా కొట్టుకుంటుంది, కొన్నిసార్లు అసలు కొట్టుకోదు. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య కొట్టుకోవాలన్నది మన దేశంలోనూ ఐరోపా, అమెరికాల్లోనూ ఉన్న ప్రమాణం. చేతిగడియారం చూసి పదిహేను సెకన్లు లెక్కపెడితే పదిహేనుకు తగ్గకూడదు, ముప్పైకి మించకూడదు.

మూడో తెగ కార్ల దగ్గరికి వచ్చేసరికి ఈ బైపాస్ విద్యలన్నీ విషమవుతాయి. అక్కడ స్విచ్ వైరు సంకేతాల లైను. దాని మీద 12 వోల్టులు నేరుగా పెట్టినా, బల్బు వైరుకు బయటి నుంచి కరెంటు ఎక్కించినా బాడీ కంట్రోల్ మాడ్యూల్ లోపలి సర్క్యూట్ పోవచ్చు. ఆ పెట్టె చాలా కార్లలో ఇండికేటర్లతో పాటు తలుపుల లాక్, వైపర్లు, హెడ్‌లైట్లనూ చూస్తుంది. వందల రూపాయల స్విచ్ కోసం చేసిన ప్రయోగం వేలల్లో తేలుతుంది. పైగా వారంటీలో ఉన్న కారు వైరింగు కోస్తే ఎలక్ట్రికల్ వారంటీ మీద కంపెనీ చేతులెత్తేయడానికి సాకు దొరుకుతుంది.

ఏ తెగ బండిలోనైనా చేయకూడని పని ఇంకొకటి ఉంది. పోయిన ఫ్యూజ్ స్థానంలో సిగరెట్ పెట్టె రేకు చుట్టడం, లేదా 10 ఆంపియర్ల చోట 30 గుచ్చడం. ఫ్యూజ్ ఊరికే పోదు. ఎక్కడో షార్ట్ ఉంది. ఫ్యూజ్ కాలకపోతే డ్యాష్‌బోర్డు వెనుక వైరు కాలుతుంది.

లైటు లేకపోతే దాని బదులేంటి?

హజార్డ్ పోయినప్పుడు అందరి ధ్యాసా దాన్ని ఎలాగైనా వెలిగించడం మీదే ఉంటుంది. అసలు పని వెనుక వచ్చేవాడికి ముందుగా తెలియజేయడం. ఆ పనికి వేరే సాధనాలున్నాయి, వాటిలో కొన్ని హజార్డ్‌కన్నా మెరుగు.

మన దేశంలో కొత్త కారుతో పాటు ఎర్ర రిఫ్లెక్టర్ త్రికోణం వస్తుంది. డిక్కీలో స్టెప్నీ పక్కన, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఏళ్ల తరబడి పడి ఉంటుంది. దాన్ని బండికి ఆనించి నిలబెడితే ప్రయోజనం సున్నా. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు దాటుతుంది. త్రికోణం 50 మీటర్ల వెనుక ఉంటే డ్రైవరుకు దొరికేది రెండు సెకన్ల లోపే, 100 మీటర్ల వెనుక ఉంటే మూడున్నర సెకన్లు. హైవే మీద వంద అడుగులతో సరిపెట్టుకోకుండా వంద మీటర్లు నడవాల్సింది ఇందుకే. అదీ రోడ్డు అంచు వెంట, వచ్చే బండ్లను చూస్తూ. ఎక్స్‌ప్రెస్‌వే లాంటి చోట ఆ నడకే ప్రాణాంతకం కావచ్చు. బ్రిటన్ హైవే కోడ్ మామూలు రోడ్డు మీద త్రికోణాన్ని 45 మీటర్ల వెనుక పెట్టమంటుంది, మోటార్‌వే మీద మాత్రం ఎప్పుడూ పెట్టవద్దంటుంది.

అమెరికాలో లారీలకు నియమం ఇంకా బిగువు. ఆగిన పది నిమిషాల్లోపు మూడు త్రికోణాలు పెట్టాలి. మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డయితే వెనుక వైపు 10, 100, 200 అడుగుల దూరాల్లో పెట్టాలి. స్పెయిన్ ఏకంగా త్రికోణానికే స్వస్తి చెప్పింది. పెట్టడానికి దిగినవాళ్లే బండ్ల కింద పడుతున్నారని 2026 జనవరి 1 నుంచి దాని స్థానంలో వీ-16 అనే పసుపు లైటును తప్పనిసరి చేసింది. డ్రైవరు కారు దిగకుండానే కిటికీలోంచి చెయ్యి చాపి పైకప్పు మీద అంటించవచ్చు. అయస్కాంతంతో అతుక్కుంటుంది, కిలోమీటరు దూరం కనిపిస్తుంది, కనీసం అరగంట వెలుగుతుంది. కారు ఎక్కడ ఆగిందో ట్రాఫిక్ అధికారులకు దానంతటదే తెలియజేస్తుంది. కారు స్విచ్‌తో గానీ బ్యాటరీతో గానీ దీనికి సంబంధం లేదు. హజార్డ్ చెడినప్పటి సమస్యకు ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో ఇదే గట్టిది.

మన దగ్గర మనవైన పద్ధతులున్నాయి. లారీ ఆగితే క్లీనరు పక్కచెట్టు కొమ్మలు నరికి వెనుక పరుస్తాడు, రాళ్లు వరసగా పేరుస్తాడు. పగలైతే కొమ్మలు దూరం నుంచే కనిపిస్తాయి, టైరు ఎక్కినా నష్టం లేదు. రాళ్లు మాత్రం ప్రమాదం. రాత్రి కనిపించవు, బండి బాగయ్యాక ఎవరూ తీయరు. తర్వాత వచ్చే బైకు వాటికి బలవుతుంది. బానెట్ ఎత్తడం మంచి సంకేతమే. డిక్కీ ఎత్తే ముందు మాత్రం చూసుకోవాలి, డిక్కీ తలుపుకే లైట్లు ఉన్న బండ్లలో ఎత్తితే అవి ఆకాశం చూస్తుంటాయి. ఒక్క పార్కింగ్ లైట్లు వేసి ఊరుకుంటే నిలకడగా వెలిగే ఆ ఎరుపును చూసి ముందు వెళ్లే బండే అనుకుని దగ్గరికి వచ్చేస్తారు. హజార్డ్ పోయి ఇండికేటర్లు ఉంటే ఒకవైపు వేసి ఉంచవచ్చా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. చీకట్లో ఏమీ లేకపోవడంకన్నా నయం. అయితే తాళం ఆన్‌లో ఉండాలి, వెనుకవాడు మలుపని పొరబడతాడు. త్రికోణం పెట్టేదాకా గడపడానికి మాత్రమే అది.

ఈ ఏర్పాట్లన్నిటికీ ముందు చేయాల్సింది మనుషుల్ని దించి రోడ్డు అంచు రెయిలింగు అవతలికి పంపడం. జాతీయ రహదారి మీదయితే 1033కు ఫోన్ చేయడం.

వాడుక, దుర్వినియోగం, చట్టం

వాన పడగానే, సొరంగంలోకి దిగగానే, కూడలిలో నేరుగా వెళ్లాలనుకోగానే నాలుగు ఇండికేటర్లు వేయడం మన రోడ్ల మీద పాతుకుపోయిన అలవాటు. చాలా కార్లలో హజార్డ్ పడినంతసేపు ఎడమ, కుడి ఇండికేటర్ వేసినా తేడా కనిపించదు. కదిలే బండి హజార్డ్ వేస్తే ఆగిన బండికీ దానికీ గుర్తు ఒకటైపోతుంది. ఈ వాడుక వల్ల స్విచ్ కూడా త్వరగా అరుగుతుంది.

చట్టం విషయానికొస్తే 1988 మోటారు వాహనాల చట్టంలోని 122వ సెక్షన్ ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని వదిలేయకూడదంటుంది. 190వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన లోపం ఉందని తెలిసీ, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగి ఉండీ బండి నడపడం నేరం. కాబట్టి కార్డుముక్కతో నెలల తరబడి నడిపే డ్రైవరు ‘నాకు తెలియదు’ అనడానికి వీల్లేదు. బ్రిటన్‌లో 1986 ఏప్రిల్ 1 తర్వాత రోడ్డెక్కిన కార్లకు వార్షిక తనిఖీలో హజార్డ్ పనిచేయకపోతే ఫెయిల్ చేస్తారు. మరోపక్క కార్ల లోపల బొత్తాలన్నీ స్క్రీన్ మీదికి పోతున్న ఈ రోజుల్లో హజార్డ్‌కు మాత్రం చేతికి తగిలే అసలు బొత్తాం ఉండాల్సిందేనని ఐరోపా భద్రతా సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి పట్టుబడుతోంది. ఇండికేటర్, హారన్, వైపర్లదీ అదే వరస. అది లేని కారుకు ఐదు స్టార్లు అందడం కష్టం.

చిట్కాలన్నీ జల్లెడ పడితే చివరికి మిగిలేవి కొన్నే. పదేపదే నొక్కడం, కాంటాక్ట్ క్లీనర్, మడిచిన కార్డు, ఫ్యూజ్ పీకడం. ఇవి వైరు కోయవు, మళ్లీ యథాస్థితికి తేవచ్చు, తప్పితే పెద్దగా నష్టం లేదు. 15, 49లను కలపడం పాత బండికి, తెలిసిన చేతికి మాత్రమే. ఎడమ, కుడి లైన్లు కలిపేయడం, ఫ్యూజ్‌కు రేకు చుట్టడం, కొత్త కారు సంకేతాల వైరుకు కరెంటు పెట్టడం ఏ పరిస్థితిలోనూ చేయకూడనివి. కొత్త స్విచ్ బిగించడం చాలా కార్లలో పలక ఊడదీసి కప్లర్ మార్చేంత పనే. పాత సామాన్ల కొట్లో కొనేటట్టయితే ఆకారం ఒకటే అని సరిపెట్టుకోకుండా వెనుక అచ్చు వేసిన పార్ట్ నంబరు, పిన్నుల లెక్క రెండూ సరిచూసుకోవాలి.

ఈ వ్యాసం చదివినవారు ఇవాళ బండి దిగేముందు తాళం తీసి హజార్డ్ బొత్తాం ఒకసారి నొక్కండి. వెనక్కి వెళ్లి నాలుగు లైట్లూ కొట్టుకుంటున్నాయో లేదో చూసి, డిక్కీలో త్రికోణం కవరు విప్పి పైన పెట్టండి.